కాళి పొయ్యి ఆర్పిన రోజు

నెల్లికుదురు దాటి మట్టిబాట పట్టుకుని లోపలికి పోతే బోడగుట్ట తండా వస్తుంది. పేరు విని అక్కడ గడ్డిపరక మొలవని గుట్ట ఉంటుందనుకుంటే మోసపోయినట్టే. నల్లమద్ది, తునికి, మోదుగ, మొర్రి చెట్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ గుట్టంతా కమ్ముకుని ఉంటాయి. వానకాలంలో లోపలికి పోయిన మనిషిని పిలిచి వెతకాలే తప్ప చూసి వెతకలేం. ఇంకా ఆ పేరెందుకు, మార్చుకోరాదా అని ఎవరన్నా అడిగితే కాళి ఒప్పుకోదు.

"బోడిగ చేసింది మేమే గద. పేరు ఉండనీ, పిల్లలకు యాదికుంటది" అంటుంది.

కాళి మోతీలాల్ భార్య. లోకమర్యాదకు అలా చెప్పాలి గానీ, చుట్టుపక్కల ఊళ్లలో మోతీలాల్‌నే కాళి మొగుడంటారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా అతను మీసం ఒకసారి సవరించుకుని ఊరుకుంటాడు. ఊరుకోక చేసేదేముంది? కాళి పొట్టి మనిషి. మోచేతుల దాకా తెల్లటి గాజులు. గొంతు మాత్రం గుట్ట ఇవతల అరిస్తే అవతల చేలో పందిపిల్లలు లేచి పరుగెత్తేంతటిది. నవ్వినా అదే గొంతు, తిట్టినా అదే గొంతు. కొత్తవాళ్లకు తేడా తెలియక భయపడిపోతారు.

ఆమె పుట్టింది దేవరుప్పుల వైపు తండాలో. పెళ్లయి ఇక్కడికి వచ్చిన మర్నాడే అత్త ఆమె చేతికి గొడ్డలి ఇచ్చింది. అప్పట్లో ఈ తండా ఆడవాళ్ల బతుకు కట్టెల మోపు. తెల్లవారకముందే గుట్టెక్కి కొట్టడం, మోపు కట్టి కేసముద్రం స్టేషను దాకా నడవడం, రైలెక్కి మానుకోట హోటళ్లలో అమ్మడం, అదే రైల్లో తిరిగి రావడం. టికెట్టు లేదని ఒకసారి, మోపు అడ్డమొచ్చిందని ఒకసారి దింపేసేవారు. అలా కొన్నేళ్లు పోయేసరికి గుట్ట మీద కొట్టడానికి కొమ్మ లేకుండా పోయింది. కొమ్మలైపోతే మొద్దులు, మొద్దులైపోతే నేలలోని మోడులు. గడ్డపారలతో వేళ్లు తవ్వుకున్నారు. తండా బావిలో చేద బురద తోడింది.

ఆ మోడులు తవ్వుతున్నప్పుడే కాళికి ఆ సంగతి కనబడింది. పైన ఎండి నల్లబడిన మోడు, మట్టి తీస్తే కింద వేరు తడిగా ఉంది. పక్కన గోరంత ఎర్రటి చిగురు తల ఎత్తుతోంది. గడ్డపార పక్కన పారేసి అక్కడే కూలబడింది. అంతకుముందు ఆమె ఎన్నడూ చెట్టు గురించి ఏడవలేదు. ఆ రోజు ఏడ్చింది. తల తీసేసినా అది ఇంకా బతకాలని చూస్తోందని తండాకు వచ్చి చెప్పింది. కొత్త మొక్క ఒక్కటీ నాటక్కర్లేదు, మనం చేతులు ముడుచుకుని ఉంటే చాలు, గుట్ట దానంతటదే లేస్తుంది అంది.

చేతులు ముడుచుకుని ఉండటం ఎంత కష్టమో తండాకు ఆ తరువాత తెలిసింది. తండా పెద్ద ప్రేమ్‌సింగ్ నాయక్ ఇంట్లో ఒక కంచుగంట ఉండేది. తాతముత్తాతలు ఎద్దుల మీద ఉప్పు మోసుకుని దేశాలు తిరిగిన కాలంలో ముందు నడిచే ఎద్దు మెడలో కట్టిన గంట అది. దాన్ని ఆయన బయటికి తీశాడు. ఏ ఇంటి గడపకు గంట వేలాడితే ఆ రోజు గుట్ట కావలి ఆ ఇంటిది. సాయంత్రం దిగి వచ్చి గంటను పక్కింటి గడపకు కట్టాలి. రాలిన పుల్ల ఏరుకోవచ్చు, తునికాకు కోసుకోవచ్చు, మొర్రిపండ్లు తినొచ్చు. పచ్చికొమ్మ మీద మాత్రం చెయ్యి పడకూడదు.

పడితే ఏం చెయ్యాలన్న దగ్గర పెద్ద వాదమే అయింది. జుర్మానా వేద్దామన్నారు కొందరు. డబ్బున్నవాడు జుర్మానా కట్టి మళ్లీ కొడతాడని కాళి అడ్డం తిరిగింది. చివరికి తండా ఒక మాట మీదికి వచ్చింది. తండాలో ఏ ఇంటి పొయ్యిలోకీ గుట్ట పచ్చికట్టె రావద్దు. వస్తే ఆ ఇంటి పొయ్యి ఒక రోజంతా ఆర్పాలి. ఆ ఇంటివాళ్లు పళ్లెం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి తినాలి. పెట్టను అని ఎవరూ అనకూడదు. ఎందుకొచ్చినవ్ అని మాత్రం ప్రతి గడపలోనూ అడగాలి, వచ్చినవాడు తన నోటితో జవాబు చెప్పాలి. మొట్టమొదట ఆ శిక్ష పడింది నాయక్ కోడలికే. ఆమె ఒక్కరోజు తిరిగి వచ్చాక తండాలో గొడ్డళ్లకు తుప్పు పట్టడం మొదలైంది.

గుట్ట లేచింది. మోడుకు పది చిగుళ్లు వస్తే బలమైనది ఒకటి ఉంచి మిగతావి గిల్లేవారు. వాగు శివరాత్రి దాకా పారసాగింది, బావిలో నీళ్లు పైకొచ్చాయి. నీళ్లతోపాటు అడవిపందులూ వచ్చి మక్కచేలు తొక్కిపెట్టాయి. "గుట్టను సాదుమంటె పందులను గూడ సాదినవేందే బిడ్డా" అని నాయక్ ఆమెను ఇప్పటికీ ఏడిపిస్తాడు. నెమళ్లు పెసరకాయ తిన్నప్పుడు మాత్రం కాళి కూడా నెమళ్లను తిట్టింది. ఆమేమీ మహర్షి కాదు.

ఇంత జరిగినా సర్కారు దగ్గర ఆ గుట్ట ఇంకా బోడిగానే ఉంది. ఎప్పుడో ఎవరో వచ్చి చూసి చెట్లు లేని నేల అని రాసుకుపోయిన మాటే కాగితాల్లో మిగిలింది. దాంతో పైనుంచి ఒక ఆలోచన దిగింది. బోడి నేల కాబట్టి దున్నించి, వరుసలు తీసి, జామాయిల్ నాటిద్దామని. అడవిని నిలబెడతామంటూ నిలబడిన అడవిని దున్నడం! ఇలాంటి తెలివి ఒక్క మనిషికి రాదు, దానికి ఒక ఆఫీసు ఉండాలి.

ఈ కబురు తండాకు తెచ్చింది ఫారెస్టు సెక్షన్ ఆఫీసర్ బిక్షపతి. మంచివాడు. గుట్టను చూసి మురిసిపోయేవాడే గానీ పైవాళ్ల మాట కాదనలేడు. దారి చెప్పింది కూడా అతనే. అడవి హక్కుల చట్టం వచ్చింది, అడవిని కాపాడుకుంటున్న ఊరికి ఆ అడవి మీద కావలి హక్కు, నియమాలు పెట్టుకునే హక్కు ఇవ్వొచ్చు, గ్రామసభ పెట్టి అడగండి అన్నాడు. అడిగారు. మానుకోట నుంచి ఆర్డీఓ మేడం విమల స్వయంగా వచ్చి గుట్టను చూస్తానని కబురు పంపింది. ఆమె మనసుకు నచ్చితే గుట్ట తండాది. నచ్చకపోతే ట్రాక్టర్లు వస్తాయి. కాళికి ఆ రోజుల్లో అన్నం సహించేది కాదు.

సరిగ్గా అప్పుడే తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె వచ్చింది. ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బస్సులు ఆగాయి, బడులు మూతబడ్డాయి. ఫారెస్టువాళ్లూ సమ్మెలోనే. కావలి లేదని తెలిసి దూరపు గొడ్డళ్లు వస్తాయేమోనని తండా గంట కట్టిన ఇంటితోపాటు ఇంకో ఇంటివాళ్లను కూడా గుట్టెక్కించింది. ఆర్డీఓ రాక సమ్మె అయ్యాకే అన్నారు.

మోతీలాల్‌కు మాత్రం అది పండుగ కాలం. అతను ఉద్యమం మనిషి. దండు ఎక్కడ బయలుదేరినా ముందుండేవాడు. సినిమాల్లో దొంగకూ తాగుబోతుకూ తన యాసే ఎందుకు పెడతారన్న మంట అతనికి చిన్నప్పటి నుంచీ ఉంది. తెలంగాణ వస్తే ఆ నోళ్లు మూతపడతాయని అతని నమ్మకం. కాళికీ తెలంగాణ కావాలి. కాకపోతే ఆమె గుట్టను వదిలి రాదు, అతను రోడ్డును వదిలి రాడు. ఇద్దరూ సద్దిమూట దగ్గర కలుసుకునేవారు.

నెల్లికుదురు చౌరస్తాలో వంటావార్పు పెడదామని అనుకున్నారు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని రాకపోకలు ఆపడం. బియ్యం ఒకరు ఒప్పుకున్నారు, పప్పు ఒకరు, గిన్నెలు ఒకరు. మోతీలాల్ లేచి నిలబడి గుండె మీద చెయ్యి వేసుకుని "కట్టెల పూచీ నాది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లే కొంప ముంచాయి.

తండాలో ఇల్లిల్లూ తిరిగి ఎండుపుల్లలు పోగుచేశాడు. ముందురోజు పగలంతా వాన దంచి ఆ పుల్లలన్నీ నానిపోయాయి. తెల్లవారేసరికి రోడ్డుకు అడ్డం వెయ్యడానికి చెట్టు కూడా కావాలన్నారు. మోతీలాల్ కాసేపు ఆలోచించాడు. ఆలోచించడం అతనికి అలవాటు లేని పని.

చౌరస్తాకు కాళి అందరితోపాటే వచ్చింది. బతుకమ్మ పాటలు ఒకపక్క, డప్పులు ఒకపక్క, వరసగా పొయ్యిలు. ఆమె ఒక పొయ్యి దగ్గర కూర్చుని పప్పు కలపబోయింది. పొగ కళ్లలోకి కొట్టింది. మామూలు పొగ కాదది. మండుతున్న కట్టె వెనక కొస నుంచి నురగ బుసబుసా కారుతోంది. పచ్చికట్టె. ఆమె వంగి బెరడు చూసింది, మొసలి చర్మంలా పగిలిన బెరడు. నల్లమద్ది. రోడ్డుకు అడ్డంగా పడుకోబెట్టిన చెట్టు మొదలు దాకా నడిచి వెళ్లి చేత్తో తడిమింది. ఈ మండలంలో ఇంత లావు నల్లమద్ది ఒక్కచోటే ఉంది.

మోతీలాల్ అప్పుడు కుర్చీ మీద నిలబడి నినాదాలిస్తున్నాడు. ఆమె పోయి చొక్కా పట్టుకుని కిందికి గుంజింది.

"గుట్టల చెట్టు కొట్టినవా?"

"జర మెల్లగ మాట్లాడు, అందరు ఇంటున్నరు."

"కొట్టినవా, లేదా?"

"కొట్టిన. రాత్రి, ఒక్కటే. అయినా గిది మన నియమం తప్పుడు కాదే కాళీ. తండాల ఏ ఇంటి పొయ్యిలకు రావద్దు అనుకున్నం. గిది ఎవరింటి పొయ్యి? రోడ్డు మీద పొయ్యి. అందరి కోసం, తెలంగాణ కోసం."

మాట నిజాయితీగానే అన్నాడు. రాత్రంతా ఆ వాదనను నమిలి నమిలి తనకు తానే ఒప్పించుకున్నాడు పాపం. కాళికి కోపం కంటే ముందు భయం వచ్చింది. ఆర్డీఓ వచ్చి ఆ మోడు చూస్తే ఏమంటుంది? కాపాడుతున్నామన్నవాళ్లే కొడుతున్నారు అంటుంది. ఇన్నేళ్ల కావలి ఒక్క గొడ్డలి దెబ్బకు పోతుంది.

"తెలంగాణ వచ్చినంక గుట్ట యాడుండాలె? ఆంధ్రలనా?" అంది చివరికి. "రోడ్డు అందరిదైతె, గుట్ట గూడ అందరిదే. అందరిది నువ్వొక్కనివి ఎట్ల కొడతవ్?"

పొయ్యిలను ఆమె ఆర్పలేదు. మంది ఆకలి మీద తన కోపం తీర్చుకునే మనిషి కాదు. వంట కానిచ్చింది, వడ్డించింది. మోతీలాల్ విస్తరి ముందు కూర్చోగానే మాత్రం ఆ విస్తరి తీసి పక్కవాడికి వేసింది. తనూ తినలేదు. తండాకు నడిచి వచ్చి, తన ఇంటి పొయ్యిలో నిప్పు మీద కడివెడు నీళ్లు గుమ్మరించింది. చప్పుడు విని పక్కిళ్లవాళ్లు వచ్చి చూస్తే వాకిట్లోకి బూడిదనీళ్లు పారుతున్నాయి.

ప్రేమ్‌సింగ్ నాయక్ పరుగున వచ్చాడు. ఆయన బాధ వేరు.

"బిడ్డా, ఇప్పుడే ఎందుకే గీ లొల్లి? ఆర్డీఓ వచ్చిపోనీ. ఆ మోడు మీద మట్టి కప్పుదం, రెండు ముండ్లకంపలు ఏద్దం. ఎవ్వలకు తెల్వది. ఆమె పోయినంక పొయ్యి ఆర్పుకో, రెండు రోజులు ఆర్పుకో."

ఆ మాట కాళికీ తోచకపోలేదు. రోడ్డు మీద నుంచి నడిచి వస్తూ దారి పొడవునా అదే తలుచుకుంది. మట్టి కప్పితే గుట్ట దక్కుతుంది. కప్పకపోతే దక్కకపోవచ్చు.

"నీ కోడలు తిరిగిన నాడు మట్టి కప్పినమా నాయక్? ఆమె ఏడ్చుకుంట తిరిగింది. ఇయ్యాల నా ఇంటిది దాస్తె, రేపు మీ ఇండ్లది మీరు దాస్తరు. గట్లయితె ట్రాక్టర్లెందుకు, మనమే ఊడ్చేస్తం."

మర్నాడు మొగుడూ పెళ్లామూ ఇద్దరూ పళ్లేలు పట్టుకుని బయలుదేరారు. కొట్టింది అతనైనా పొయ్యి ఇద్దరిదీ. మోతీలాల్ తలపాగా కళ్ల దాకా లాక్కున్నాడు. మొదటి గడపలో ఎందుకొచ్చినవ్ అని అడిగితే గొణిగాడు. వినబడలేదన్నారు. రెండో గడపలో కొంచెం గట్టిగా చెప్పాడు. జొన్నరొట్టె మీద రొట్టె వేశారు, వద్దంటే కోడికూర కుమ్మరించారు. శిక్ష అన్నది మరిచిపోయి పెళ్లికొడుకును మేపినట్టు మేపారు. మధ్యాహ్నానికి మోతీలాల్ పొట్ట పట్టుకుని "నియమంల ఎంత తినాల్నో రాయలేదు గద, జర ఇడువుండ్రి" అని బతిమాలుకున్నాడు. తండా అంతా నవ్వింది, కాళి కూడా నవ్వింది. ఆఖరి గడప నాయక్‌ది. ఎందుకొచ్చినవ్ అని నాయక్ కోడలే వచ్చి అడిగింది. అక్కడ మోతీలాల్ తలపాగా తీశాడు.

"పచ్చని చెట్టు కొట్టినమ్మా. తప్పయింది" అన్నాడు. ఆమె పళ్లెంలో రొట్టె పెట్టింది.

సమ్మె ముగిసింది, ఆఫీసులు తెరుచుకున్నాయి, ఆర్డీఓ విమల బిక్షపతిని వెంటబెట్టుకుని వచ్చింది. కాళి ముందు నడిచింది, వెనక తండా అంతా నడిచింది. వాగు చూపించారు, మొర్రిచెట్లు చూపించారు. విమల ముఖంలో ఇష్టం కనబడుతూనే ఉంది. మలుపు తిరగ్గానే ఆ మోడు దారి పక్కనే నిలబడి ఉంది. మట్టి లేదు, కంప లేదు.

విమల ఆగింది. "ఇది ఈ మధ్య కొట్టిందే. ఎవరు కొట్టారు?"

బిక్షపతి నేల చూశాడు. మోతీలాల్ జనంలోంచి బయటికి వచ్చాడు.

"నేనే మేడం. వంటావార్పుకు కొట్టిన."

"మీరు ఈ తండా మనిషేనా?"

"నా మొగడు" అంది కాళి. అని, అన్నీ చెప్పింది. గంట సంగతి, పొయ్యి సంగతి, పళ్లేల సంగతి. ఆ గొంతు అంత మెల్లగా పలకడం తండా ఎప్పుడూ వినలేదు. "దాచుదమని నాకూ అనిపించింది మేడం. దాస్తె మీకు మంచిగ కనిపిస్తుండె గని మాకు గుట్ట మిగలకపోతుండె."

విమల మోడు పక్కన కూర్చుంది. కోసిన అంచు చుట్టూ ఎర్రటి చిగుళ్లు పొడుచుకొచ్చాయి. ఒక్కటి మినహా మిగతావన్నీ ఎవరో జాగ్రత్తగా గిల్లేశారు.

"ఎవరు గిల్లారు?"

"నేనే" అన్నాడు మోతీలాల్ మళ్లీ, ఈసారి ఇంకా సిగ్గుపడుతూ.

విమల లేచి చీర దులుపుకుంది. "చెట్టు కొట్టని ఊళ్లున్నాయని చాలామంది నాకు చెప్పారు. నేను నమ్మలేదు. కొట్టినవాడికి ఏం జరుగుతుందో చెప్పిన ఊరు ఇదే. దీని కావలి వీళ్ల దగ్గరే ఉండాలని రాస్తాను. పొయ్యి నియమం కూడా రాస్తాను, ఉన్నది ఉన్నట్టు."

బిక్షపతి మెల్లగా దగ్గి, చట్టం ప్రకారం చెట్టు కొట్టినందుకు కేసు తప్పదన్నాడు. ఒక్క తప్పుకు రెండు శిక్షలేందని మోతీలాల్ వాపోయాడు గానీ, కేసుకు పోయి కట్టవలసింది కట్టి వచ్చాడు. కోడికూర పెట్టని శిక్ష అదొక్కటేనని ఇప్పటికీ చెబుతాడు.

జామాయిల్ మాట వెనక్కి పోయింది. కావలి హక్కు కాగితం రావడానికి ఒక ఎండాకాలం పట్టింది, వచ్చింది. తెలంగాణ రావడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది, అదీ వచ్చింది.

తెలంగాణ వచ్చిన రోజు నెల్లికుదురు చౌరస్తాలో డప్పులు మోగుతుంటే తండాలోకి వినబడుతున్నాయి. అందరూ కొత్త బట్టలు కట్టుకుని బయలుదేరుతున్నారు. మోతీలాల్ కూడా గులాబీ కండువా వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. గడపకు గంట వేలాడుతోంది. ముందురోజు సాయంత్రం పక్కింటివాళ్లు కట్టిపోయారు.

కాళి గంట విప్పబోయింది. "నువ్వు పోయి రా. ఇన్నేండ్లు కొట్లాడినవ్. ఇయ్యాలటి కావలి నేను ఉంట."

మోతీలాల్ డప్పుల వైపు ఒకసారి చూశాడు. కండువా మీద చెయ్యి వేసుకుని కాసేపు నిలబడ్డాడు. తరువాత ఆమె చేతిలోంచి గంట తీసుకున్నాడు.

"రాకముందు రోడ్డు మీద ఉన్న. వచ్చినంక గుట్ట మీద ఉండాలె గద" అన్నాడు.

ఆమెకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సద్దిమూట కట్టుకుని తనూ వెనకే నడిచింది. ఆ రోజంతా ఇద్దరూ నల్లమద్ది మోడు దగ్గర కూర్చున్నారు. దాని కొత్త కొమ్మ అప్పటికే మోతీలాల్ తలపాగాను దాటి పెరిగింది.